బధిర విద్యార్థులు – శ్రవణ యంత్రములు

చెవిటివాని ముందు శంఖ మూదినట్లని మనలో నొక సామెత కలదు. వినలేనివానిని పరిహసించుటకై ఆ మాటను వాడుచున్నాము గాని, విచారించి చూచినచో అందలి అవివేకము శంఖము నూదువానిదే. ఎదుటివానికి వినబడదని యెరిగియు నూదుచున్నవాడు వాడే గదా! మన పాఠశాలలలో బధిర బాలబాలికలకు జరుగుచున్న బోధనలో అధికభాగము ఈ శంఖారావము వంటిది. ఇటీవల దీనికొక క్రొత్త మెరుగు వచ్చినది. బిడ్డ చెవికి ఒక యంత్రమును తగిలించి, ఇక వీనికి వినబడుచున్నదని నమ్మి, మనము శంఖమును మునుపటివలెనే ఊదుచున్నాము.

ఏటేట డిసెంబరు 3వ తేదీన అంతర్జాతీయ వికలాంగుల దినము జరుగుచున్నది. 1992లో ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన దినమిది. ఆనాడు జిల్లా కేంద్రములలో సభలు కూడును. అధికారులును ప్రజాప్రతినిధులును వేదికపై బిడ్డల చెవులకు స్వయముగా యంత్రములు తగిలింతురు. మరునాటి పత్రికలలో ఛాయాచిత్రములు పడును. ఈ పంపిణీని మేము నిరసించుట లేదు. ఒకప్పుడు ధనికుల యిండ్లకు మాత్రమే చేరిన సాధనము నేడు కూలివాని బిడ్డకును చేరుచున్నదన్నచో సంతసింపవలసినదే. మా ప్రశ్న వేరు. ఆ యంత్రము ఆరు నెలల తరువాత ఎచట నున్నది? చెవిపై నున్నదా, చీరెల పెట్టెలో నున్నదా? చెవిపైనే యున్నను, నాల్గవ వరుసలో కూర్చున్న ఆ బిడ్డకు ఉపాధ్యాయుని పాఠము చేరుచున్నదా? పంచిన యంత్రముల లెక్కను మనము శ్రద్ధగా వ్రాసికొనుచున్నాము. చేరిన పాఠముల లెక్కను వ్రాసికొనుట లేదు.

వినికిడి యంత్రము కంటి అద్దముల వంటిదని పలువురి భావము. అద్దములు పెట్టుకొన్న మరుక్షణమే అక్షరము స్పష్టమగును. ఈ యంత్ర మట్టిది గాదు. అది శబ్దమును పెద్దది చేయును; ఉపాధ్యాయుని గొంతుతోపాటు తక్కిన చప్పుళ్లను గూడ పెద్దవి చేయును. నేటి డిజిటల్ యంత్రములు రొదను కొంతవరకు అణచగలవన్నది నిజమే. ఐనను నలుబదిమంది పిల్లల గుసగుసలు, తలపై తిరుగు ఫ్యాను చప్పుడు, బల్లలు ఈడ్చు మ్రోత, కిటికీ వెలుపల ఆటోల హారనులు – వీని నడుమనుండి ఒక్క మనుష్యుని గొంతును విడదీసి యిచ్చు శక్తి వానికి చాలదు. పైగా శబ్దమునకు దూరము శత్రువు. దూరము రెట్టింపైన కొలది శబ్దబలము 6 డెసిబెల్లులు తగ్గునని శాస్త్రము. మూడడుగుల కడ వినబడు గొంతు ఇరువదినాలుగు అడుగులకు పోవుసరికి, గోడల ప్రతిధ్వనిని లెక్కింపనిచో, 18 డెసిబెల్లులు క్షీణించును. వినికిడి తక్కువగల బిడ్డకు మాట తెలియవలెనన్నచో ఆ మాట చుట్టుపట్ల రొదకంటె 15 డెసిబెల్లులైనను హెచ్చుగా నుండవలెనని నిపుణుల మతము. అమెరికా దేశపు తరగతి గదుల ప్రమాణములలో, ఖాళీ గదిలోని రొద 35 డెసిబెల్లులు మించరాదనియు, ప్రతిధ్వని 0.6 సెకనులో అణగిపోవలెననియు నిర్ణయింపబడినది. మన రేకుల కప్పు బడులలో శ్రావణమాసపు వాన కురియునపుడు చక్కగా వినగల పిల్లలే పాఠము మానుకొని కూర్చుందురు!

ఈ దూరమును జయించు సాధన మొకటి కలదు. ఉపాధ్యాయుడు మెడలో చిన్న మైకును ధరించును. అతని మాట ఆ మైకునుండి రేడియో తరంగముల ద్వారా నేరుగా బిడ్డ చెవియందలి యంత్రమునకు చేరును. వాడుకలో దీనిని ఎఫ్.ఎం. సాధనమందురు, క్రొత్తవి డిజిటల్ పద్ధతిని నడచుచున్నవి. గది నలుబదడుగులున్నను ఉపాధ్యాయుని నోరు బిడ్డ చెవికి జానెడు దూరమున నున్నట్లే. ఆయన బల్లవైపు తిరిగి వ్రాయుచు మాటలాడినను మాట తప్పిపోదు. చెవి యంత్రముల పంపిణీలో చూపు ఉత్సాహములో పదియవ వంతు ఈ మైకుల విషయమున చూపినచో, ఇదివరకు పంచిన యంత్రములకే ప్రయోజనము మూడింతలగునని మా విశ్వాసము. కాని వేదికపై బిడ్డ చెవికి యంత్రము పెట్టినట్లు ఉపాధ్యాయుని మెడలో మైకు వేసి ఛాయాచిత్రము తీయించుకొనువారు మనకు కనబడరు.

వినబడకున్న నేమి, పెదవుల కదలికను జూచి గ్రహించును గదా యని కొందరందురు. ఈ పెదవుల చదువు మన భాషలో నెంత కష్టమో తెలియవలెనన్నచో, పాఠకులు అద్దము ముందు నిలిచి ‘పాట’, ‘బాట’, ‘మాట’ అను మూడు మాటలను గొంతు లేకుండ పలికి చూతురు గాక. మూడును ఒక్కటే! ప, బ, మ లకు పెదవుల కదలికలో భేదము లేదు. భేదమంతయు గొంతులోను ముక్కులోను జరుగును. క, గ లు నోటి వెనుక పుట్టి అచటనే ముగియును. పెదవులకు చేరనే చేరవు. స, శ వంటి హెచ్చు శ్రుతిగల ధ్వనులు వినికిడి తగ్గినవారిలో పలువురకు ముందుగా మాయమగును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. తెలుగు వాక్యమున అర్థమును నడుపునవి మాట చివరనుండు ప్రత్యయములు. పలుకునపుడు గొంతు తగ్గునదియు సామాన్యముగ అచటనే. రాముడు, రాముని, రామునికి అను భేదము చెవిని పడనిచో ఎవడు కొట్టెనో ఎవడు దెబ్బతినెనో బిడ్డకెట్లు తెలియును? ఇక ఉపాధ్యాయునికి గుబురు మీసములున్నచో చెప్పవలసినదే లేదు. 2020వ సంవత్సరపు మహమ్మారి కాలమున అందరు ముఖములకు గుడ్డలు కట్టుకొన్నపుడు ఈ బిడ్డలకు లోకమంతయు ఒక్కసారిగా మూగవోయినది. వారి గోడు మనలో నెందరికి తోచినది?

యంత్రపు పోషణ సంగతి చూతము. దానికి ప్రాణము బ్యాటరీ. చొక్కా బొత్తామంత సెల్లు వారము, మహాయైన రెండు వారములు వచ్చును. అది పల్లెలోని కిరాణా దుకాణమున దొరకదు. చెవిలో నమర్చు అచ్చు బిడ్డ పెరిగిన కొలది వదులై కీచుమని కూయును. పసిబిడ్డలకు కొన్ని నెలల కొకసారి క్రొత్త అచ్చు పోయింపవలెను. కోస్తా జిల్లాల ఉక్కలో చెమట యంత్రములోనికి దిగును. రాత్రివేళ దానిని తేమ పీల్చు గుళికలు గల డబ్బాలో నుంచవలెనని తల్లికి చెప్పువారుండరు. కీచుమను ధ్వనికి తోడి పిల్లలు నవ్వుదురు. నవ్విన మరునాడు యంత్రము పెట్టెలోనికి పోవును. 2018లో ఆరంభమైన సమగ్ర శిక్ష పథకము, ప్రత్యేకావసరములు గల ఒక్కొక్క విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయలవరకు వ్యయము చేయుటకును, బాలికలకు నెలకు 200 రూపాయల భృతి నిచ్చుటకును వీలు కల్పించినది. ఉపకరణములు, పుస్తకములు, రాకపోకలు మున్నగు అవసరములన్నియు ఈ మొత్తములోనే ఇమడవలెనట! సెల్లులకును అచ్చులకును అందులో మిగులునది యెంతయో లెక్కలు తెలిసినవారు చెప్పనక్కరలేదు.

శస్త్రచికిత్స చేసి లోపల నమర్చునట్టి కాక్లియర్ ఇంప్లాంట్ విషయ మింతకంటె గంభీరమైనది. లోపలి చెవియందు నత్తగుల్లను బోలిన భాగమొకటి కలదు. అందలి సుమారు 15,000 సూక్ష్మ కేశకణములు చేయవలసిన పనిని ఈ సాధనమున పండ్రెండు మొదలు ఇరువదిరెండు వరకు గల విద్యుత్ కొనలు చేయుచున్నవి. మెల్‌బోర్న్ నగరమున గ్రేమ్ క్లార్క్ అను వైద్యుడు 1978లో బహు కొనలు గల సాధనమును రోగి కమర్చెను. ఆయన తండ్రి వినికిడి తక్కువగల మందుల దుకాణదారుడు. కష్టమర్లు చెప్పునది వినబడక ఆ తండ్రి పడిన బాధయే కుమారుని ఈ మార్గమున నడిపినది. 2013లో క్లార్క్‌నకును, ఇంగెబోర్గ్ హోక్‌మైర్, బ్లేక్ విల్సన్ అనువారికిని లాస్కర్ బహుమాన మీయబడుట సముచితము. పుట్టుకతో చెవిటియైన శిశువు తల్లి పిలుపునకు తల త్రిప్పుట మానవ మేధకు గర్వకారణమనుటలో సందేహము లేదు.

మన ప్రభుత్వములును ఈ విషయమున ఊరకుండలేదు. 2007లో నారంభమైన ఆరోగ్యశ్రీలో ఈ చికిత్స చేర్చబడినది. 2014లో సవరింపబడిన కేంద్రప్రభుత్వపు అడిప్ పథకమున ఒక్కొక్క శిశువునకు 6 లక్షల రూపాయలవరకు వ్యయము ఆనాడు మంజూరైనది. ఇంతవరకు మెచ్చదగినదే. ఐతే కత్తి పని ముగిసిననాడు చికిత్స ముగియదు, ఆనాడే మొదలగును. లోపలి సాధనము పంపునది ధ్వని కాదు, విద్యుత్ స్పందనము. అది అమ్మ గొంతు, ఇది కుక్క మొరుగుట అని మెదడు నేర్చుకొనవలెను. అందుకు నెలలు, సంవత్సరములు శిక్షణ కావలెను. శిక్షణ యిచ్చువా రున్నది పట్టణములలో. కూలి మానుకొని, బస్సు ఛార్జీలు పెట్టుకొని, తల్లి వారమునకు రెండుమారులు బిడ్డను చంకనెత్తుకొని రావలెను. చెవి వెలుపల నుండు ప్రోసెసరు కొన్నేండ్లకు పాడగును; తీగ తెగును; క్రొత్తదానికి లక్షలు వలయును. ప్రజాధనముతో లోపల నమర్చిన సాధనము, వెలుపలి తీగకు సొమ్ము లేక నిష్ప్రయోజనమగుట కంటె దుబారా వేరొకటి కలదా? రెండవ ప్రోసెసరునకై తండ్రి పొలము కాగితములు చేతబట్టుకొని వడ్డీ వ్యాపారి గుమ్మ మెక్కవలసినచో, మొదటి దానిని ఉచితముగా నిచ్చితిమని చెప్పుకొనుట యెట్టి ధర్మము?

కాలమును గూర్చి ఒక మాట. శిశువు పుట్టిన నెలలోపల చెవుల పరీక్ష, మూడు నెలలలోపల రోగనిర్ణయము, ఆరు నెలలలోపల సాధనమును శిక్షణయు – ఇది లోకమున నంగీకరింపబడిన పద్ధతి. 1978లో డేవిడ్ కెంప్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, ఆరోగ్యమైన చెవి తానుగా అతిసూక్ష్మమైన ధ్వనిని వెలువరించునని కనుగొనెను. ఆ ధ్వనిని పట్టు పరికరముతో నిద్రించుచున్న పసికందును కొద్ది నిమిషములలో పరీక్షింపవచ్చును. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టుక చెవుడు గూడ పరిశీలింపవలసిన లోపములలో చేరినది. కాని మన యిండ్లలో జరుగునదేమి? బిడ్డకు రెండేండ్లు నిండినను మాట రానిచో, మేనమామ పోలిక, వాడును ఐదేండ్లకు గాని మాటలాడలేదని నాయనమ్మ ధైర్యము చెప్పును. చెవిలో చీము కారిన యెడల వెచ్చని నూనె పోయుదురు. బాల్యమున వచ్చు వినికిడి లోపములో 60 శాతము నివారింపదగినదేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన నివేదిక చెప్పుచున్నది. ఇక మేనరికములు, అక్క కూతును వివాహమాడుటలు పుట్టుక చెవుడు కలుగు అవకాశమును హెచ్చించునని వైద్యశాస్త్రము నిష్కర్షగా చెప్పుచున్నది. ఆస్తి బయటికి పోరాదని సంబంధము కలుపుకొను కుటుంబములు ఈ సంగతిని కూడ తూకములో వేసికొనుట మంచిది.

ఇంతకును మేము ప్రధానముగా చెప్పదలచినది యంత్రమును గూర్చి కాదు, భాషను గూర్చి. మానవ శిశువు పుట్టిన మొదటి నాలుగైదేండ్లలో ఏదో యొక భాషను సంపూర్ణముగా పట్టుకొనవలెను. అది చెవి ద్వారా వచ్చినను సరే, కంటి ద్వారా వచ్చినను సరే. ఆ యేండ్లు రిక్తముగా గడచినచో తరువాత నెన్ని యంత్రములు తగిలించినను ఆ లోటు పూడదు. లెక్కలు రావు, చరిత్ర రాదు. తనకు కడుపునొప్పి యెప్పుడు మొదలైనదో వైద్యునికి చెప్పుటయు రాదు. బధిర బాలుడు మందబుద్ధియని మన ఊళ్లలో వ్యాపించిన అపవాదమునకు మూలమిదియే. బుద్ధిలో లోపము లేదు; భాష అందలేదు.

కంటికి అందు భాష లేకపోలేదు. బధిరులు తమలో తాము మాటలాడుకొను సంజ్ఞాభాష కలదు. దాని నొక భాషగా గుర్తించుటకే లోకమునకు చాలకాలము పట్టినది. 1880లో మిలాన్ నగరమున బధిరోపాధ్యాయుల సభ కూడి, పాఠశాలలలో నోటి మాటయే బోధింపవలెను గాని చేతి సంజ్ఞలు కూడదని తీర్మానించెను. ఆ సభలో కూడినవారు దాదాపుగా అందరును వినగలవారే. తీర్మానము ఎవరి జీవితములను గూర్చినదో వారి అభిప్రాయము నడిగినవారు లేరు! తత్ఫలితముగా అనేక దేశములలో సంజ్ఞలు చేసిన పిల్లల చేతులు కట్టిరి, కొట్టిరి. నూటముప్పది యేండ్లకు, 2010లో వాంకూవరు నగరమున కూడిన అట్టి అంతర్జాతీయ సభయే ఆ తీర్మానములను త్రోసిపుచ్చి విచారమును ప్రకటించినది. ఈ లోపల ఎన్ని తరములు గడచినవి! పరుల భాషలో చదువుకొనుమని శాసించుట ఎంత క్రూరమో మన దేశీయులకు వేరుగా చెప్పనక్కరలేదు. విద్య మాతృభాషలో జరుగవలెనని వాదించువారము, ఈ బిడ్డల విషయమున అదే వాదమును మరచుట తగదు.

ఇందొక వింతయు కలదు. టెలిఫోనును 1876లో నిర్మించిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ వృత్తిచేత బధిరోపాధ్యాయుడు. ఆయన తల్లియు భార్యయు బధిరులు. సంజ్ఞాభాష నెదిరించినవారిలో ఆయన అగ్రేసరుడు. బధిరులకై చేసిన ధ్వని పరిశోధనల నీడలో పుట్టిన ఆ యంత్రము దాదాపు తొంబదేండ్లు బధిరులకే మూసిన తలుపయ్యెను. 1964లో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అను బధిర శాస్త్రజ్ఞుడు టైపు యంత్రమును టెలిఫోనుతో కలుపు ఉపాయమును పన్నిన పిదప గాని వారికి ఆ తలుపు తెరచుకొనలేదు. ఉపకరణమును ఎవరికొరకు చేయుచున్నామో వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయవలెననుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

విలియం స్టోకీ అను అమెరికా పండితుడు 1960లో సంజ్ఞాభాషకు వ్యాకరణము కలదని నిరూపించెను. నికరాగ్వా దేశపు రాజధాని మనాగువాలో, 1977 తరువాత బధిర బాలల నొకచోట చేర్చి స్పానిషు మాటను నేర్పబూనిరి. ఉపాధ్యాయులు నేర్పినది అంతగా అంటలేదు. పిల్లలు ఆటస్థలములోను, బస్సులలోను తమలో తాము ఒక నూతన భాషనే సృష్టించుకొనిరి. భాషాశాస్త్రజ్ఞులు దానిని నేటికిని అధ్యయనము చేయుచున్నారు. మన దేశమున 2015లో ఢిల్లీ యందు భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము స్థాపింపబడినది. 2018లో 3,000 పదములతో వెలువడిన దాని నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగినది. 2020లో ఆ కేంద్రమునకును జాతీయ విద్యా పరిశోధన మండలికిని పాఠ్యపుస్తకములను సంజ్ఞాభాషలోనికి మార్చుటకై ఒడంబడిక జరిగినది. 2024 డిసెంబరులో పి.ఎం. ఇ-విద్య క్రింద 31వ నంబరు ఛానలు సంజ్ఞాభాషకై ప్రత్యేకింపబడినది. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అను బధిర న్యాయవాది దుబాసి సాయమున సుప్రీంకోర్టులో వ్యాజ్యము వినిపించినది. దారి కలదని వీనిచే తేలుచున్నది. ఐనను మన జిల్లాలలో, ఇంప్లాంటు అమర్చిన బిడ్డకు సైగలు చూపకుడు, చూపినచో మాట రాదు అని తల్లిదండ్రులను బెదరించు అలవాటు పోలేదు. యంత్రము ఫలించునో లేదో తేలువరకు బిడ్డకు ఏ భాషయు లేకుండ చేయుట ఏమి వైద్యము? రెండు భాషలు నేర్చిన పిల్లలు మన సరిహద్దు గ్రామములలో వీధికి పదిమంది కలరు. ఈ బిడ్డకు సంజ్ఞయు నేర్పుడు, మాటయు నేర్పుడు. ఏది నిలుచునో అది నిలుచును. రెండును నిలిచిన మరియు లాభము.

క్రొత్తగా వచ్చిన మరియొక సాధనము మాటను అక్షరముగ మార్చునది. 2019లో గూగుల్ సంస్థ, బధిరుల ఉన్నతవిద్యకు ప్రసిద్ధమైన వాషింగ్టనులోని గాలొడెట్ విశ్వవిద్యాలయముతో కలిసి, ఎదుటివారి మాటను వెనువెంటనే ఫోను తెరపై వ్రాసి చూపు ఏర్పాటును వెలువరించెను. తెలుగు మాటలను వ్రాయగల సాధనములును నేడు చేతిఫోనులలో కలవు. 2022లో నారంభమైన కేంద్రప్రభుత్వపు భాషిణి కార్యక్రమము దేశభాషలన్నిటికి ఇట్టి శక్తి నొసగబూనినది. కళాశాల విద్యార్థులకిది వరప్రసాదము. పాఠము తెరపై పారుచుండును. తప్పిపోయిన మాటను వెనుకకు జరిపి చదువుకొనవచ్చును. కాని మన తరగతులలో ఉపాధ్యాయుడు తెలుగు, ఇంగ్లీషు కలగలిపి మాటలాడును. సంధులలో మాటలు ఒకదానిలో నొకటి లీనమగును. శాస్త్ర పరిభాష వచ్చినపుడు యంత్రము తడబడి నవ్వు పుట్టించు వ్రాతలు వ్రాయును. తప్పు వ్రాతను తప్పని గుర్తింపగలవాడు భాష వచ్చిన విద్యార్థియే. భాష రానివానికి తప్పును ఒప్పును ఒకటే.

ఇచటనే మన పరీక్షా విధానములోని దయ విషమించుచున్నది. వినికిడి లేని విద్యార్థికి ఒక భాషను మినహాయించుట కొన్ని బోర్డుల ఏర్పాటు. పరీక్షనాడు ఇది ఉపశమనమే. కాని మినహాయించుటను బోధించుటకు ప్రత్యామ్నాయముగా నెంచి, బధిరులకు తెలుగు వ్రాత యెందుకులే యని మొదటి తరగతినుండియే చేతులు దులుపుకొనువారిని మేమెరుగుదుము. వినలేనివానికి అచ్చు అక్షరమే ప్రపంచమునకు ద్వారము. దినపత్రిక, భూమి దస్తావేజు, బ్యాంకు నోటీసు, మందు సీసాపై కాగితము, సినిమాలోని సబ్‌టైటిల్స్ – అన్నియు చదువుపైననే నిలిచియున్నవి. ఇతరులకంటె వీనికి వ్రాత తెలుగు హెచ్చుగా నేర్పవలెను గాని తగ్గించి కాదు. సంజ్ఞాభాషను పునాదిగా జేసికొని వ్రాత తెలుగును నేర్పు వాచకములు కావలెను. అట్టి వాచకములను వ్రాయుటకు మన విశ్వవిద్యాలయములు పూనుకొనవలెను. బధిర పట్టభద్రులను అందు భాగస్వాములను చేయవలెను.

బధిరులకు వేరు పాఠశాలలా, అందరితో కలసిన పాఠశాలలా యను వివాదము చాలకాలముగా నున్నది. బాపట్లలో ప్రభుత్వమువారు, తిరుపతిలో దేవస్థానమువారు నడపు సంస్థల వంటివానిలో బిడ్డకు తనవంటి మిత్రులును భాషయు లభించును. ఊరి బడిలో ఇల్లును తల్లియు దక్కును. రెండును ఉండవలెను, ఎంపిక కుటుంబమునకు వదలవలెను. దీనిపై మే మింతకంటె వాదింపము. ఊరి బడికి పంపినచో మాత్రము శిక్షణ పొందిన ఉపాధ్యాయు డుండితీరవలెను. ప్రాథమిక తరగతులలో పదిమంది ప్రత్యేక విద్యార్థులకు ఒకరు, పై తరగతులలో పదునైదుగురికి ఒకరు చొప్పున ఉపాధ్యాయు లుండవలెనని సుప్రీంకోర్టు 2021లో తీర్పు చెప్పినది. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచిత విద్యను హక్కుగా చేసినది. సంజ్ఞాభాష తెలిసిన ఉపాధ్యాయులను నియమింపవలెననియు చెప్పినది. ఆ చట్టము లెక్కలో రెండు చెవులలోను 60 డెసిబెల్లుల లోపమున్న గాని వినికిడి లోపముగలవాడు కాడు. ఒక చెవి మాత్రమే పోయినవాడు, నలుబది డెసిబెల్లుల లోపము గలవాడు, చట్టమునకు వెలుపల, తరగతి గదిలో వెనుక బల్లపై, పరధ్యాసి యను పేరుతో కూర్చుండును.

భూవసతి గల మా పాఠకులకు ఒక పాత సంగతి జ్ఞాపకము చేయుదుము. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున, పుట్టుకతో అంధులును బధిరులును మూగవారును దాయభాగమునకు అర్హులు కారనియు, వారికి కూడు గుడ్డలు మాత్ర మీయవలెననియు నున్నది. ఈ నియమము మన యిండ్లలో శతాబ్దములు నడచినది. 1928వ సంవత్సరపు హిందూ వారసత్వ అనర్హతల నివారణ చట్టము మితాక్షర ననుసరించు మనవంటివారికి దీనిని తొలగించినది. అప్పటినుండి చెవిటి కుమారునికి పొలములో పాలు కలదు. కాని ఆ పాలును పంచుకొను కాగితమును చదువలేక, అన్నదమ్ములు చూపినచోట వ్రేలిముద్ర వేయుచున్నవారు నేటికిని కలరు. కూడు గుడ్డలతో సరిపెట్టుట శాసనములో పోయినది గాని ఆచారములో పోలేదు.

ప్రభుత్వమువారు చేయవలసినది కొంత, ఊరివారు చేయదగినది కొంత. కుర్చీకాళ్లకు రబ్బరు తొడుగులు వేయించుటకు, గోడలకు గుడ్డ తెరలు కట్టించుటకు, వినికిడి తక్కువగల బిడ్డను ముందు వరుసలో, ఉపాధ్యాయుని ముఖముపై వెలుగుపడు దిక్కున కూర్చుండబెట్టుటకు ఢిల్లీ ఉత్తరువు లక్కరలేదు. దేవాలయమునకు మైకుసెట్టు సమర్పించు దాతలు బడికి మెడలో వేసికొను మైకు నొకటి సమర్పింపవచ్చును; దానిపై తమ పేరు చెక్కించుకొన్నను మాకభ్యంతరము లేదు. మండల విద్యాకేంద్రములలో సెల్లులును, ఆరబెట్టు డబ్బాలును నిలువ యుంచి, పాడైన యంత్రమును బాగుచేసి వారములోపల తిరిగి యిచ్చు మనిషి నొకరిని నియమింపవచ్చును. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థయొక్క ప్రాంతీయ కేంద్రము కలదు. ఉపాధ్యాయులను విడతలుగా అచటికి పంపి యంత్రముల వాడుకలో శిక్షణ నిప్పింపవచ్చును. ఇంప్లాంటు పొందిన ప్రతి బిడ్డకు పదునెనిమిదేండ్లు వచ్చువరకు ప్రోసెసరు మరమ్మతు వ్యయమును శస్త్రచికిత్స వ్యయముతోపాటే మంజూరు చేయవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు రెండును, వచ్చు జూనులో బడులు తెరచులోపల, ఏ మండలమున ఎందరు బధిర విద్యార్థులున్నారో, వారిలో ఎందరి యంత్రములు నేడు పనిచేయుచున్నవో, ఎందరికి సంజ్ఞాభాష తెలిసిన ఉపాధ్యాయు డున్నాడో బడివారీగా పరీక్షింపించి, ఆ పట్టికను శాసనసభల ముందుంచవలెనని కోరుచున్నాము.